దెయ్యాలకూ గొడుగు పట్టాలి!

ముంగిట్లో అస్థిపంజరం, చెట్టుకొమ్మకి వేలాడే గబ్బిలాలు, తలుపు పక్కన నల్లపిల్లి, మెట్లమీద పళ్లికిలించే గుమ్మడికాయ... అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో చాలా వీధులది ఇదే వరస. నెలాఖరున హాలోవీన్‌ రాత్రి వచ్చే పిల్లల్ని సరదాగా భయపెట్టడానికే ఈ హంగామా అంతా. అయితే అందర్నీ భయపెట్టే ఆ దెయ్యాలకీ ఓ భయం ఉంది. అదే... గాలీ వానా!

గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టడం, కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీయడం మనకి కొత్తేం కాదు. హాలోవీన్‌ వెనకా అలాంటి నమ్మకమే ఉంది. పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ ఆత్మలు తిరుగుతాయని ఐర్లాండ్‌, స్కాట్లాండ్‌ ప్రజలు నమ్మేవారు. వాటిని బెదరగొట్టడానికి టర్నిప్‌ దుంపల్ని తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. 19వ శతాబ్దంలో వాళ్లు అమెరికాకి వలస వెళ్లాక దుంప స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది. పెద్దదీ, చెక్కడానికి తేలికైనదీ మరి!

అక్కడ స్థిరపడ్డ తెలుగువారి ఇళ్లముందూ ఇప్పుడు ఈ బొమ్మలు కనిపిస్తున్నాయి. బడిలో స్నేహితులంతా పెట్టుకుంటుంటే పిల్లలు ఊరుకోరు కదా. 2024లో అయితే మన దీపావళీ, హాలోవీనూ ఒకేరోజు అక్టోబరు 31న వచ్చాయి. ప్రమిదల వరస పక్కనే గుమ్మడి దీపాలన్నమాట. ఎటొచ్చీ బొమ్మలకొలువు ఇంట్లో ఉంటుంది, ఈ కొలువు మాత్రం నెలరోజులు ఆరుబయట ఉండాలి. చిక్కంతా అక్కడే.

పండగే వాయిదా!

అక్టోబరు చివరి వారం వాతావరణాన్ని నమ్మడానికి లేదు. 1991లో హాలోవీన్‌ రోజున మొదలైన మంచు తుపాను మినియాపొలిస్‌, సెయింట్‌ పాల్‌ జంట నగరాల్లో 28 అంగుళాల మంచు కురిపించింది. 2011 అక్టోబరు 29న ఈశాన్య రాష్ట్రాల మీద అకాల మంచు విరుచుకుపడింది. ఆకులు రాలని చెట్లమీద మంచు పేరుకుని, కొమ్మలు విరిగి తీగలమీద పడటంతో లక్షల ఇళ్లు చీకట్లో మునిగాయి. చాలా ఊళ్లలో పిల్లలు ఇంటింటికీ తిరిగే కార్యక్రమాన్ని వాయిదా వేశారు.

సరిగ్గా ఏడాదికి, 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూజెర్సీ దగ్గర తీరం దాటింది. వీధుల్లో తెగిపడిన తీగలు, కూలిన చెట్లు... ఆ చీకట్లో పిల్లల్ని పంపడం ప్రమాదమని అప్పటి గవర్నర్‌ క్రిస్‌ క్రిస్టీ పండగనే నవంబరు 5కి మారుస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అంటే అక్కడ కొన్ని ఊళ్ల పిల్లలకి వరసగా రెండేళ్లు అనుకున్న రోజున హాలోవీన్‌ లేదు.

ఎగిరిపోకుండా...

2000 తరవాత గాలి నింపే బొమ్మల జోరు పెరిగింది. అడుగున ఉండే చిన్న ఫ్యాను ఆగకుండా గాలి కొడుతుంటేనే ఇవి నిలబడతాయి. 2020లో హోమ్‌ డిపో సంస్థ తెచ్చిన 12 అడుగుల అస్థిపంజరమైతే ఓ పెద్ద సంచలనం. కానీ బొమ్మ ఎంత ఎత్తుంటే గాలికి అంత అలుసు. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలికి కాస్త ఊగి ఊరుకున్న బొమ్మ, 40 కిలోమీటర్ల గాలికి మేకుల్ని పెకలించుకుని పక్కింటి కారుమీద పడొచ్చు.

అందుకే మేకుల్ని నిటారుగా కాకుండా, తల బొమ్మకి ఎడంగా వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి. తాళ్లు కనీసం మూడు వైపులకి కట్టాలి. వానకి నేల నానితే మేకు పట్టు వదులుతుంది కాబట్టి అడుగున ఇసుక మూటలూ పెట్టాలి. గాలి నింపే బొమ్మలో నీరు చేరితే జిప్పు తెరిచి ఒంపేసి, వాన తగ్గాక ఫ్యాను వేస్తే గుడ్డ ఆరుతుంది.

థర్మోకోల్‌ సమాధులకి వెనకనుంచి ప్లాస్టిక్‌ గొట్టం దన్నుగా పెట్టి, దాన్ని నేలలో పాతిన ఇనుప చువ్వకి తొడిగితే కదలవు. వీటికి మామూలు స్ప్రే పెయింటు వాడితే అందులోని రసాయనానికి థర్మోకోల్‌ కరిగిపోతుంది. నీళ్లలో కలిసే రంగే వేయాలి. ఇక, పొదలమీద పరిచే దూదిలాంటి సాలెగూడు వానకి తడిసి ముద్దవుతుంది. అందులో పిట్టలూ తేనెటీగలూ చిక్కుకుని చనిపోతుంటాయి కూడా. దానికి బదులు లావుపాటి తాళ్లతో సాలెగూడు అల్లుకోవడం మేలు.

కరెంటుతో జాగ్రత్త!

బొమ్మ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, కరెంటుతో ఆటలాడకూడదు. ఆరుబయట వాడకానికని రాసి ఉన్న వైర్లే తీసుకోవాలి. కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపేసే జీఎఫ్‌సీఐ సాకెట్‌కే వాటిని కలపాలి. రెండు వైర్లు కలిసేచోటు నేలమీద కాకుండా కాస్త ఎత్తులో ఉండాలి. ప్లగ్గుకి ముందు వైరుని కిందికి వంపు తిరిగేలా వదిలితే, దానివెంట జారే నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది.

గుమ్మడికాయ సంగతి?

కోయని గుమ్మడికాయ వారాల తరబడి ఉంటుంది. చెక్కాక నాలుగైదు రోజులకే వాడిపోతుంది. కాబట్టి ముఖం చెక్కే పని పండగకి రెండు మూడు రోజుల ముందు పెట్టుకుంటే చాలు. లోపలి గుజ్జంతా గీకేసి, కొద్దిగా బ్లీచ్‌ కలిపిన నీటితో కడిగి ఆరబెడితే బూజు త్వరగా పట్టదు. కొవ్వొత్తికి బదులు చిన్న ఎల్‌ఈడీ దీపం పెడితే వేడికి కమలదు, నిప్పు భయమూ ఉండదు. గడ్డకట్టే చలి ఉన్న రాత్రి కాయని లోపలికి తెచ్చుకోవాలి. కాయలో ఎక్కువ భాగం నీరే. అది గడ్డకట్టి కరిగిందంటే మర్నాటికి కాయ మెత్తబడి కుంగిపోతుంది.

దించడమే అసలు విద్య

ఎన్ని మేకులు కొట్టినా తుపాను ముందు నిలిచే బొమ్మ లేదు. కాబట్టి ఎలా కట్టాలన్నదానికన్నా ఎప్పుడు దించాలన్నదే ముఖ్యం. జాతీయ వాతావరణ సంస్థ పెనుగాలుల హెచ్చరిక ఇచ్చిందంటే ఇంక ఆలోచించకూడదు. గంటకు 25-30 కిలోమీటర్ల గాలికే గాలి బొమ్మల ఫ్యాను ఆపేసి నేలమీద పరిచేయడం మంచిది. అంతకు మించితే ఎత్తైనవాటితో మొదలుపెట్టి అన్నీ గ్యారేజీలోకి చేర్చాలి. తుపాను వెలిశాక బొమ్మ ఏ కరెంటు తీగకో చిక్కుకుని కనిపిస్తే దాని జోలికి వెళ్లకూడదు, విద్యుత్తు సంస్థకి ఫోన్‌ చేయాలి. పండగయ్యాక తడి పూర్తిగా ఆరనిచ్చి పెట్టెలో సర్దితేనే మరుసటి ఏడాదికి పనికొస్తాయి. లేదంటే బూజు పట్టేస్తాయి.

ఇదంతా వినాయక చవితి పందిళ్లు వేసినవారికి తెలియని విద్యేం కాదు. మబ్బు పట్టగానే టార్పాలిన్‌ కోసం పరుగు, గాలికి ముందే లైట్ల తోరణాలు విప్పేయడం... ఆ ఒడుపే ఇక్కడా కావాల్సింది.

సరే, అంతా దించేస్తే మరి పండగ మాటేంటి, ఇంటికి వచ్చిన పిల్లలు చిన్నబుచ్చుకోరూ అంటారా? అమెరికాలో ఓ పద్ధతుంది. హాలోవీన్‌ రాత్రి ఏ ఇంటి వరండాలో దీపం వెలుగుతుంటే పిల్లలు ఆ ఇంటి తలుపే తడతారు. దీపం ఆర్పేసి ఉంటే, ముంగిట్లో పన్నెండడుగుల అస్థిపంజరం నిలబడి ఉన్నా సరే దాటుకుని వెళ్లిపోతారు. కాబట్టి దెయ్యాలన్నీ గ్యారేజీలో నిద్రపోతున్నా ఫర్వాలేదు... వరండాలో దీపం, చేతిలో చాక్లెట్ల గిన్నె ఉంటే చాలు!