సైరన్ ఆగిన బస్తీ

వరంగల్ ఆజంజాహీ మిల్లు చుట్టుపక్కల బస్తీల్లో ఒకప్పుడు గడియారంతో పనిలేదు. మిల్లు సైరనే వేళ చెప్పేది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1934లో, ఆయన కుమారుడు ఆజం జాహ్ పేరిట వెలసిన మిల్లు ఇది. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. 2002లో పూర్తిగా మూతపడింది.

స్పిన్నింగులో, వీవింగులో పక్కపక్కన నిలబడి పనిచేసినవారే ఇళ్ల దగ్గరా ఇరుగుపొరుగు. తండ్రి రాత్రి షిఫ్టుకు వెళితే పిల్లలకు పక్కింటి ఖాలాయే దిక్కు. రంజాన్ పండుగనాడు షీర్‌ఖుర్మా గిన్నెలు గల్లీ అంతా తిరిగేవి. పీర్ల పండుగకు అందరూ వచ్చేవారు. బతుకమ్మ ఆటను అందరూ చూసేవారు.

మిల్లు పోయింది, కుటుంబాలు చెదిరాయి. ఎవరింట్లో ఎవరు పెరిగారో చెప్పగలవారు ఇక కొద్దిమందే. మూతపడేనాటికి 40 ఏళ్లున్న కార్మికుడికి ఇప్పుడు 60 దాటాయి.

అందుకే ఈ జుమా నమాజు తర్వాత మీ దాదా పక్కన కాసేపు కూర్చోండి. ఏ ఖాతాలో పనిచేశారు, మొదటి జీతం ఎంత, పక్కింటివారెవరు అని అడగండి. పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించండి. బస్తీ చరిత్ర మరెక్కడా రాసిలేదు. అది మన పెద్దల నోటనే ఉంది.