రెండు కుందేళ్ల సహవాసము

పక్షులను, రంగుచేపలను అమ్ము దుకాణములలో కుందేలుపిల్లను ఒంటిగా అమ్ముట అరుదు. ఒకటి మగది, ఒకటి ఆడది, జత తీసికొనుడని చెప్పి, అరచేతిలో ఇమిడిపోవు రెండు తెల్లని పిల్లలను అట్టపెట్టెలో పెట్టి యిత్తురు. ఇంటికి వచ్చిన ఆ రెండును కొన్ని వారములు ఒకదానిపై నొకటి పడి నిద్రించును. నాలుగవ మాసము వచ్చుసరికి ఒకనాటి తెల్లవారుజామున గూటినిండ బొచ్చు రాలియుండును. ఒకదాని చెవి చీలియుండును. లేదా, గూటి మూలను బొచ్చు పరచిన మెత్తని పడకలో కన్ను తెరవని పిల్లలు అయిదారు కదలాడుచుండును. ఇంటివారికి రెండును ఆశ్చర్యమే. నిజమునకు ఇందులో ఆశ్చర్యమునకు తావు లేదు. పసితనమున కుందేలు ఆడదో మగదో గుర్తించుట అనుభవజ్ఞులకే కష్టము. ఈడు వచ్చువరకు రెండును పసిపిల్లలే. ఈడు వచ్చిన పిదప అవి అన్నదమ్ములని గాని, అక్కచెల్లెండ్రని గాని వాటికి పట్టింపు ఉండదు.

అట్లు కరచుకొన్న వానిని వేరుచేసి చెరియొక గూట పెట్టిన ఇంట ఒక ప్రశ్న పుట్టును. వీనిని మరల కలుపవచ్చునా, లేక ఒకదానిని వదిలించుకొనవలెనా? వదిలించుకొనుట యనగా చాల చోట్ల తోటలోనో పొలముగట్టుననో విడిచివచ్చుట. అది కుక్కలకు అప్పగించుటయే. ఇంటి కుందేటికి అడవిలో బ్రదుకు తెరువు తెలియదు. కావున కలుపు విధమేదియో తెలిసికొనుట ఒక ప్రాణమునకు సంబంధించిన సంగతి.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. మన మెట్టచేలలో పరుగులు తీయు చెవులపిల్లి వేరు జాతి. అది బొరియ త్రవ్వదు. చాలవరకు ఒంటరిగా తిరుగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది గనుక పట్టి తెచ్చి పెంచరాదు. మనము ఇంట పెంచు కుందేలు ఐరోపా ఖండపు నైరృతి మూలనున్న ఐబీరియా ప్రాంతమునకు చెందిన జాతి. అది భూమిలో సొరంగములు త్రవ్వుకొని గుంపుగా జీవించును. రోనాల్డ్ లాక్లీ యను ప్రకృతి పరిశీలకుడు వేల్సులోని పెంబ్రోక్‌షైరున వీనిని ఏండ్ల తరబడి గమనించి 1964లో ఒక పుస్తకము ప్రకటించెను. బయటికి మెత్తగా కనబడు ఈ జంతువు గుంపులో పెద్దరికమునకై ఎంతగా పెనగులాడునో ఆ గ్రంథము వలన లోకమునకు తెలిసినది. మగవి అధికారమునకు పోరాడును. ఆడవి పిల్లలు పెట్టు బొరియకై పోరాడును. అయితే మైదానమున ఓడినది పారిపోవును, పోరు అంతటితో ముగియును. రెండడుగుల గూటిలో ఓడినది ఎక్కడికి పోవును? గెలిచినది తరుముచునే యుండును, కరచుచునే యుండును. కలహము కుందేటి స్వభావమే కాని, అది ప్రాణము మీదికి వచ్చునంత ఘోరమగుట గూటి ఇరుకు వలన.

కంటికంటె ముక్కును నమ్ము జంతువిది. దాని గడ్డము క్రింద గ్రంథులు కలవు. కుర్చీకాలికి, గుమ్మమునకు, యజమాని పాదమునకు సైతము గడ్డము రాచిపోవుట ముద్దుచేయుట గాదు, ఇది నాది యని ముద్ర వేయుట. ఆస్ట్రేలియాలో మికిటోవిచ్ అను శాస్త్రజ్ఞుడు 1960 దశకమున దీనినే పరిశోధించి, గుంపున పెద్దరికము గల మగవానిలో ఈ గ్రంథులు పెద్దవిగా నుండునని, అవియే ఎక్కువగా ముద్రలు వేయునని చూపెను. కావున పాత కుందేటి గూటిలోనికి క్రొత్తదానిని నేరుగా దింపుట యనగా పరుల కోటలోనికి ఒంటరిగా పంపుట. మనవారిలో అత్యధికులు చేయునది ఇదియే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడునా?

సఖ్యమునకు మొదటి మెట్టు శస్త్రచికిత్స. మగదానికి వృషణములను, ఆడదానికి గర్భాశయమును, అండాశయములను తీసివేయింపవలెను. ఈ మాట వినగానే ముఖము చిట్లించువారు కలరు. వారు రెండు సంగతులు ఆలోచింపవలెను. ఆడ కుందేలు 30, 31 దినములు మోసి ఈనును. ఈనిన దినముననే మరల చూలు నిలుపుకొనగలదు. ఇక చికిత్స లేక వయసు మీరిన ఆడవానిలో గర్భాశయపు పుట్టకురుపు సర్వసాధారణము. కుందేళ్లకు మత్తు ఇచ్చి అలవాటు గల పశువైద్యునే వెదుకవలెను. కుందేలు వాంతి చేసికొనలేదు గనుక శస్త్రచికిత్సకు ముందు దానిని పస్తు పెట్టరాదు. పస్తు పెట్టి తెమ్మని చెప్పిన వైద్యుని మరొక మారు అడుగుట మంచిది. చికిత్స జరిగిన పిదపను మగదానికి ఆరు వారములవరకు బీజశక్తి మిగిలియుండవచ్చును. చికిత్సకానట్టి ఆడదానితో ఆ కాలమున కలుపరాదు. గాయము మానుటకును, పౌరుషము చల్లారుటకును గూడ ఆ వ్యవధి అవసరమే. చికిత్స జరిగిన మగది, ఆడది అయినచో సఖ్యము సులభము. రెండును ఆడవైనను సాధ్యమే. రెండు మగవి యైనచో ఓర్పు మరింత కావలెను.

క్రొత్తగా తెచ్చినదానిని రెండు వారములు వేరు గదిలో నుంచి, గజ్జి, చెవిపురుగు, విరేచనములు లేవని రూఢి చేసికొనవలెను. ఆ పిదప రెండు గూళ్లను ప్రక్కప్రక్కన పెట్టవలెను గాని, ఊచలనుండి ముక్కులు కొరుకుకొనకుండ నడుమ జానెడు ఎడముండవలెను. దీని పరుపుగడ్డిని దానికి, దాని పరుపుగడ్డిని దీనికి మార్చుచుండవలెను. పరాయి వాసన అలవాటయిన వాసన యగుటకు కొన్ని దినములు పట్టును, కొన్ని వారములును పట్టవచ్చును. ఊచల కటు ఇటు రెండును మేను వాల్చి నిద్రించుట కనబడినప్పుడు చూపులు కుదిరినవని యనుకొనవచ్చును.

ముఖాముఖి కలయిక, రెండును ఎన్నడు అడుగిడని చోట జరుగవలెను. స్నానాల గది గచ్చు జారును గనుక పాత దుప్పటి పరవవలెను. నడుమ గరిక, కొత్తిమీర కుప్పగా పోయవలెను. రెండు వైపుల తెరచిన అట్టపెట్టెలు రెండు మూడుంచవలెను. ఒకే వాకిలి గల పెట్టె తప్పించుకొనువానికి బోను. తొలినాడు పది నిముషములు చాలును. చేతిలో మందపాటి తువాలు ఉండవలెను. పోరు లేచినప్పుడు వట్టిచేయి నడుమ పెట్టినవారికి కాటు తప్పదు.

అప్పుడేమి చూడవలెను? ఒకటి మరొకదానిపై ఎక్కును. ఆడదియు మగదానిపై ఎక్కును. ఇది పెద్దరికపు బేరము. కొలది సేపు సాగనీయవచ్చును. కాని తలవైపునుండి ఎక్కినచో వెంటనే దింపవలెను, క్రిందిది పై దాని మర్మస్థానమును కొరికిన గాయము ఘోరము. కొంచెము తరుముట, చిటికెడు బొచ్చు పీకుట ఓర్వదగినవి. చెవులు వెనుకకు అణచి, తోక నిగుడించి, గుర్రుమని మీదికి దూకుట, రెండును వలయముగా గిరగిర తిరుగుట పోరుకు నాంది. తిరుగుట మొదలుకాగానే తువాలు నడుమ వేయవలెను. ఒకదాని నొకటి పట్టించుకొనక మేత మేయుట మంచి శకునము. ఒకటి తల నేలకు వంచి ఎదుట కూర్చుండును. చూచువారు దానిని లొంగుబాటు అనుకొందురు. చాలసార్లు అది, నా తల నాకుము, అను ఆజ్ఞ! రెండవది నాకినచో కార్యము సగము ముగిసినట్లే.

కారులో కూర్చుండబెట్టి త్రిప్పినచో భయముచేత అవియే ఒదుగునని కొందరు బోధింతురు. మేము దీనిని మెచ్చము. భయపడిన కుందేలు కదలక ఒదుగును; దానిని స్నేహమనుట భ్రమ. భయము మితిమీరినచో మేత మాని పేగుల కదలిక ఆగును. పండ్రెండు గంటలు మేత ముట్టని కుందేలును ఆలస్యము లేక వైద్యునికి చూపవలెను. ఈ కారణముననే నడివేసవిలో కలయికలు తలపెట్టరాదు. 30 డిగ్రీలు దాటగానే వగర్చు జంతువును విజయవాడ ఎండలలో తరుములాటకు దింపుట ప్రాణాంతకము.

దినదినము వ్యవధి పెంచుచు పోవలెను. కొన్ని జతలు వారములో కుదురును, కొన్ని మూడు మాసములు తీసికొనును. రెండు దినములు ఎడతెగక కనిపెట్టియుండియు పోరు కనబడనిచో, రాత్రి కలిసియుండనీయవచ్చును. అప్పటి గూడు క్రొత్తది కావలెను, లేదా కడిగి అమరిక మార్చినది కావలెను; నీటిగిన్నెలు రెండు, మేతచోట్లు రెండు. మూడు నాలుగు మాసములు యత్నించినను రక్తము కనబడుచునే యున్నచో, ఆ రెంటికి పొసగదని ఒప్పుకొని, ఊచల కటు ఇటు ఇరుగుపొరుగుగా నుంచుట న్యాయము. అదియు ఒంటరితనము కంటె మేలే.

కుదిరిన జతను మరల విడదీయరాదు. ఒకదానికి జబ్బు చేసినచో రెంటిని ఒకే బుట్టలో వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. ఆసుపత్రి వాసనతో ఒంటిగా తిరిగివచ్చినదానిని ఇంటనున్నది పరాయిదని కరచిన సందర్భములు కలవు. ఒకటి మరణించినచో దాని దేహమును రెండవదానికి కొంతసేపు చూపుట మంచిది. వాసన చూచి, నాకి, అది తనంతట తొలగిపోవును. చూపనిచో కొన్ని కుందేళ్లు గదిగదికి తిరిగి వెదకును. ఆ వారమంతయు ఉదయము సాయంకాలము అది ఎంత మేసినదో, ఎన్ని పెంటికలు వేసినదో చూచుచుండవలెను.