తుంగభద్ర జలాశయ సందర్శనం

అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డగించుట వలన, ఈశాన్య రుతుపవనాలు వీచే సముద్రతీరం దూరమగుట వలన ఈ సీమ రెండు విధాల నష్టపోయింది. ఇట్టి కరవు నేలకు ప్రాణాధారమైన తుంగభద్ర జలాశయాన్ని విజ్ఞానయాత్రలో సందర్శించి మేము గ్రహించిన విషయాలను తోటి విద్యార్థుల ముందుంచుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆనకట్ట కర్ణాటకలోని హోసపేట సమీపాన ఉన్నది. నాటి హైదరాబాదు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి 1945లో పనులు ప్రారంభించగా, 1953లో కాలువలకు నీరు పారింది. రాతికట్టడంలో సిమెంటుకు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీని విరివిగా వాడుట దీని విశేషం. ఉర్దూలో ‘సుర్ఖ్’ అనగా ఎరుపు. ఇటుకపొడి రంగును బట్టి వచ్చిన పేరది.

కుడిగట్టు ఎగువ కాలువ కర్ణాటకలో సుమారు 105 కిలోమీటర్లు సాగి అనంతపురం జిల్లాలో ప్రవేశిస్తుంది. ఆ కాలువ పారే బొమ్మనహాళ్ మండలంలోనే, దర్గాహొన్నూరు వద్ద, ఇసుకదిబ్బలను చూచి మేము నివ్వెరపోయాము. తుంగభద్రకు ఉపనది అయిన వేదవతి గర్భంలోని ఇసుకను గాలి ఎగరవేసి పొలాలపై పోస్తున్నది. గాలిని అడ్డగించే చెట్లు లేనిచోట పైరునేల ఎడారి అగుటకు ఎంతోకాలం పట్టదు.

ఇచట గాలి చేయు పనిని జలాశయానికి ఎగువన వాననీరు చేస్తున్నది. చెట్టుచేమల రక్షణ కోల్పోయిన మట్టి వరదలో కొట్టుకొని వచ్చి జలాశయం అడుగున పేరుకొంటున్నది. మొదట సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టిన ఈ జలాశయం సామర్థ్యం పూడిక వలన సుమారు 105.8 టి.ఎం.సి.లకు తగ్గినట్లు లెక్కించారు. ఒక టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. ఎగువ కాలువ ద్వారా ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన నీరు 32.5 టి.ఎం.సి.లు. అనగా అందులో ఆరింట అయిదు వంతులకు సమానమైన చోటును మట్టి ఆక్రమించిందన్నమాట.

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయింది. నిపుణులు, కార్మికులు ఉరకలెత్తే ప్రవాహంలోనే తాత్కాలిక గేటును అమర్చి, వారం దినాలలో నీటిని నిలిపిన తీరు ప్రశంసనీయం. అయితే విరిగిన గేటును మార్చవచ్చును గాని, ఏడు దశాబ్దాల పూడికను తోడుట దుస్సాధ్యం. దానిని ఎగువనే ఆపవలెను.

కావున నీటిని దాచుకొనదలచినవారు ముందుగా మట్టిని నిలుపుకొనవలెను. పొలానికి గట్టు, వాగు ఒడ్డున చెట్టు, ఊరికి చెరువు – ఇవి ఆనకట్టకు ప్రత్యామ్నాయాలు కావు, దాని ఆయువును పెంచే సాధనాలు. ఈ పనిలో విద్యార్థులమైన మనకూ భాగమున్నది.