ప్రేమించి మారినవాడు, మార్పునకు వెల యిచ్చినవారు

విజయనగరవాసి గురజాడ అప్పారావు, యోగవాసిష్ఠములోని ఉపాఖ్యానము నాధారముగా గొని రచించిన 'లవణరాజు కల'లో, సింహాసనాధీశుడైన ప్రభువు మాలకన్యను వలచి, కులాభిమానమును త్యజించి, ఆమె కులమే తన కులమని యంగీకరించును. వలపు మనుష్యుని నడవడినే గాక, 'నేనెవడను' అను ప్రశ్నకు వాడిచ్చు సమాధానమును సైతము మార్పజాలునని చెప్పుటకు ఇంతకంటె సాహసోపేతమైన కల్పన అరుదు. ఐనను అది కల. కల చెదిరిన పిదప రాజు మరల రాజే. మెలకువలోనే అట్టి మార్పునకు లోనైన వాని కథ హైదరాబాదు చరిత్రలో గలదు.

1764లో మద్రాసున జన్మించి, 1798లో నిజాము కొలువున ఈస్టిండియా కంపెనీ రెసిడెంటైన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, ఉన్నత సయ్యదు వంశజయగు ఖైరున్నిసా బేగమును ప్రేమించి, ఇస్లాము స్వీకరించి, 1800 ప్రాంతమున ఆమెను వివాహమాడెను. మొగలాయి దుస్తులు ధరించి, ఫారసీ మాటలాడుచు, నిజాము ప్రసాదించిన హష్మత్ జంగ్ బిరుదముతో ఆ నగరమునం దొకడై మెలగెను. గవర్నరు జనరలు వెల్లస్లీ ఆగ్రహించి విచారణకు ఉత్తరువిచ్చినను భార్యను విడనాడలేదు. పిదప కోఠీ మహిళా కళాశాలగా ప్రసిద్ధమైన రెసిడెన్సీ సౌధము నాతడే కట్టించెను. బేగము వసించిన అంతఃపురపు తోటలో దాని చిన్న నమూనా నేటికిని గలదు.

అయితే ఆతని మార్పు సంపూర్ణమా? ఆ 1800లోనే ఆతడు కంపెనీ పక్షమున నిజాముతో కుదిర్చిన సంధి వలననే బళ్లారి, కడప మొదలగు సీమలు దత్తమండలములై ఆంగ్లేయుల వశమయ్యెను. ఇంట హష్మత్ జంగై, కచేరిలో రెసిడెంటై, రెండు వ్యక్తిత్వములను ఒక్క దేహమున ధరింపగల స్వాతంత్ర్యము ఆతని అధికారము ప్రసాదించినదే.

ఆ స్వాతంత్ర్యము ఆలుబిడ్డలకు లేకపోయెను. 1805లో, ఐదేండ్లైన నిండని కుమారుడు సాహెబ్ ఆలమును, వాని చెల్లెలు సాహెబ్ బేగమును ఓడనెక్కించి ఇంగ్లండు పంపిరి; అచ్చట క్రైస్తవ దీక్ష పొంది వారు విలియం జార్జి, కేథరిన్ అరోరా అయిరి. ఆ యేడే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. పిదప ఆతని సహాయకుడు హెన్రీ రస్సెలును నమ్మి, వానిచే పరిత్యక్తయై, హైదరాబాదు ప్రవేశము నిషేధింపబడి, ఖైరున్నిసా బందరులో కాలము గడిపెను. తుదకు స్వస్థలము చేరినను, బిడ్డలను మరల చూడకయే, ముప్పదియేండ్లు నిండకమునుపే 1813లో కన్నుమూసెను. 1841లో కూతురు ఇంగ్లండు నుండి ఉత్తరము వ్రాయగా, అందుకొనుటకు అమ్మమ్మ షరఫున్నిసా మాత్రమే మిగిలియుండెను.

కిర్క్‌పాట్రిక్ ప్రేమ బూటకమని ఇందువలన తలపరాదు. పదవినే పణముగా నొడ్డినవాని ప్రేమను శంకించుట అన్యాయము. కాని ప్రేమచే నూతన జన్మ మెత్తితినని చెప్పుకొనువానిని మెచ్చుకొనుటకు ముందు, ఆ జన్మకు పురుటినొప్పులు పడినదెవరో విచారింపవలెను. కోరి మారినవాడు ఒక పేరు అదనముగా సంపాదించుకొనెను. కోరకయే మార్పబడిన పసివారు ఉన్న పేరునే కోల్పోయిరి.