అంగడి వీధిలో చెత్త

నగరంలో అన్ని వర్గాలవారూ కలిసే చోటు అంగడి వీధి. పెండ్లికి పట్టుచీరలు కొనేవారు, పండుగకు కొత్త బట్టలు కొనేవారు, వాటిని అమ్మి బ్రతికేవారు, మూటలు మోసేవారు, మల్లెపూలు అమ్మేవారు అందరూ అక్కడికే వస్తారు. జనం ఎంత ఎక్కువైతే వ్యాపారం అంత ఎక్కువ. వ్యాపారం ఎంత ఎక్కువైతే చెత్త అంత ఎక్కువ. సరుకు ఉన్నచోట దానిని చుట్టిన కాగితం, కట్టిన పురికొస, పెట్టిన అట్టపెట్టె కూడా ఉంటాయి. కాబట్టి చెత్త పుట్టడం తప్పు కాదు. అలా పుట్టిన చెత్త చివరకు ఎక్కడికి చేరుతుంది అన్నదే అసలు ప్రశ్న. చెన్నై నగరంలోని త్యాగరాయనగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుదాం.

త్యాగరాయనగరాన్ని అందరూ టి. నగర్ అంటారు. దక్షిణ భారతదేశంలోని పెద్ద అంగడి ప్రాంతాలలో ఇది ఒకటి. ఇక్కడి పేర్లలో తెలుగువారి చరిత్ర కనిపిస్తుంది. జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరైన పిట్టి త్యాగరాయశెట్టి పేరు ఈ పేటకు పెట్టారు. పేట నడుమ ఉన్న పానగల్ పార్కుకు పానగల్ రాజా రామరాయనింగారి పేరు పెట్టారు. ఆయన 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా పనిచేశారు. జి.ఎన్. శెట్టి రోడ్డు గోపతి నారాయణస్వామిశెట్టి పేరును గుర్తుచేస్తుంది.

ఈ పేట వెలసిన నేలకు మరొక చరిత్ర ఉంది. సుమారు వంద సంవత్సరాల క్రితం ఇక్కడ వీధులు లేవు, చెరువు ఉండేది. అది నుంగంబాకం నుంచి సైదాపేట వైపు పొడవుగా సాగేది. అందుచేత ఆంగ్లేయులు దానిని లాంగ్ ట్యాంక్ అన్నారు. పెరుగుతున్న నగరానికి ఇళ్ల స్థలాలు కావలసి వచ్చి, 1920లలో మాంబళం ప్రాంతంలో ఆ చెరువు నేలను పూడ్చి పేటను నిర్మించారు. చెరువు పోయింది గాని పల్లం పోలేదు. వాన కురిస్తే నీరు ఆ పల్లానికే వస్తుంది. ఆ నీటిని బయటకు పంపే ముఖ్యమైన మార్గం మాంబళం కాలువ. అది టి. నగర్ మీదుగా ప్రవహించి నందనం దగ్గర అడయారు నదిలో కలుస్తుంది. అడయారు బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఇప్పుడు అంగడి వీధిలోకి వెళదాం. ఉస్మాన్ రోడ్డు, పాండీ బజారు, మాంబళం రైల్వే స్టేషన్ పక్కన ఉన్న రంగనాథన్ వీధి ఎప్పుడూ రద్దీగా ఉంటాయి. దీపావళి ముందు రోజుల్లో రంగనాథన్ వీధిలో కాలు పెట్టడానికి కూడా చోటుండదు. ఇటువంటి బజారులో మూడు రకాల చెత్త కనిపిస్తుంది. కొనేవారు నడుస్తూ పారవేసే టీ కప్పులు, మొక్కజొన్న కండెలు, బిల్లు కాగితాలు, ప్లాస్టిక్ సంచులు మొదటి రకం. దుకాణాలవారు రాత్రి కొట్టు కట్టేటప్పుడు బయట పెట్టే అట్టపెట్టెలు, థర్మాకోలు ముక్కలు, సరుకు చుట్టిన ప్లాస్టిక్ కాగితాలు రెండవ రకం. పాత కట్టడాలు కూల్చి కొత్తవి కట్టేవారు చాటుగా లారీలలో తెచ్చి సందు మలుపున గాని కాలువ గట్టున గాని కుమ్మరించే ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు, మట్టి మూడవ రకం.

వీధిలో పడిన ప్లాస్టిక్ సంచి పడినచోటే ఉండిపోదు. గాలికి ఎగిరి వాననీటి కాలువ మీది జాలీకి అడ్డుపడుతుంది. చినుకులు పడినప్పుడు ఆకులు, కాగితాలు వచ్చి దానికి అంటుకుంటాయి. నీరు దిగే దారి మూసుకుపోతుంది. సంచి కాలువలోకి జారినా ప్రమాదం తప్పదు. దాని వెనుక మట్టి చేరి పూడికగా మారుతుంది. ఆ పైన రాళ్లూ ఇటుకలూ పడితే నీరు కదలలేదు. నడిచేవారి నిర్లక్ష్యమూ, లారీవారి అక్రమమూ కాలువలో ఒకటిగా కలుస్తాయి.

ఈ మాట ఎంత నిజమో 2021 నవంబరులో తెలిసింది. ఆ నెలలో చెన్నైలో భారీ వర్షాలు కురిసి టి. నగర్ వీధులలో నీరు నిలిచిపోయింది. జి.ఎన్. శెట్టి రోడ్డు కూడా నీట మునిగింది. మాంబళం కాలువలో కట్టడాల శిథిలాలు, పూడిక పేరుకొని ఉండటం అందుకు ఒక కారణమని బయటపడింది. వాన చాలా ఎక్కువగా కురిసిన మాట నిజమే. కాని వచ్చిన నీటికి పోయే దారి మిగల్చకపోవడం మానవుల పని. మనం బయట పారవేశామనుకొన్నది మన గడప దగ్గరకే తిరిగి వచ్చింది.

మనుషులు చెత్తను వీధిలో ఎందుకు వేస్తారు? అందరూ చెడ్డవారు కావడం వల్ల కాదు. టీ తాగినచోట చెత్తకుండీ ఉండదు, నూరు గజాల దూరాన ఉంటుంది. ఉన్న కుండీ మధ్యాహ్నానికే నిండిపోయి పొంగుతూ ఉంటుంది. అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. ఊడ్చిన వాకిట్లో కాగితం వేయడానికి చేయి వెనుకాడుతుంది. అప్పటికే పది కాగితాలు పడి ఉన్నచోట పదకొండవది వేయడానికి ఆ సంకోచం ఉండదు. ఈ విధంగా చెత్తే చెత్తను పిలుస్తుంది. లారీతో కుమ్మరించేవారి లెక్క వేరు. శిథిలాలను నియమిత స్థలానికి చేర్చాలంటే కూలీ, లారీ బాడుగ, రుసుము అవుతాయి. చీకట్లో సందులో పోస్తే ఆ ఖర్చు మిగులుతుంది. అతనికి మిగిలిన డబ్బు నష్టంగా మారి ఆ వీధివారందరి మీదా పడుతుంది.

కారణాలు వేరైనప్పుడు మందులు కూడా వేరుగా ఉండాలి. నడిచేవారి కోసం కుండీలను తినుబండారాల బండ్ల దగ్గర, బస్సు స్టాపుల దగ్గర, వీధి మలుపులలో పెట్టాలి. చెత్త పుట్టే చోట కుండీ ఉంటే ఉపదేశం అంతగా అక్కరలేదు. కుండీ ఎంత ముఖ్యమో దానిని వేళకు ఖాళీ చేయడం అంత ముఖ్యం. బజారు చెత్తలో ఎక్కువ భాగం రాత్రి కొట్లు మూసే వేళకు బయటపడుతుంది. కాబట్టి బజారుకు ఉదయపు ఊడ్పు ఒక్కటే చాలదు, రాత్రి ఊడ్పు కూడా కావాలి. దుకాణాలవారు అట్టపెట్టెలను మడిచి, కట్టకట్టి, బండి వచ్చే వేళకే బయట పెడితే వీధి సగం శుభ్రమవుతుంది. ఆ అట్టకు పాత సామానుల వ్యాపారి ధర కూడా ఇస్తాడు.

దొంగచాటుగా చెత్త పోసే చోట్లను బాగుచేయడానికి మరొక పద్ధతి కావాలి. మొదట అక్కడి కుప్పను పూర్తిగా తీసివేయాలి. మరునాడు మళ్లీ పోస్తే ఆనాడే తీయాలి. చీకటిగా ఉంటే దీపం పెట్టాలి. గోడకు సున్నం వేసి, మొక్కలు పెట్టి, ఆ స్థలానికి ఒక ఉపయోగం కల్పించాలి. ఎవరూ పట్టించుకోని స్థలంలోనే కుప్ప పెరుగుతుంది. లారీ నంబరును గుర్తించడానికి కెమెరాలు పనికివస్తాయి. ఒక్కొక్కసారి కుప్పలోని బిల్లులు, చిరునామా ఉన్న పెట్టెలు కూడా పోసినవారెవరో చెబుతాయి. అయితే శిక్ష ఒక్కటే చాలదు. శిథిలాలు వేయడానికి దగ్గరలో న్యాయమైన చోటు చూపకుండా జరిమానా విధిస్తే కుప్ప మరో వీధికి తరలిపోతుంది, అంతే.

ఈ విషయంలో చట్టం స్పష్టంగానే మాట్లాడింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఘన వ్యర్థాల నియమాలను ప్రకటించింది. చెత్తను పుట్టించినవారే దానిని వేరుచేసి ఇవ్వాలని, వీధులలో గాని కాలువలలో గాని పారవేయరాదని, తగులబెట్టరాదని ఆ నియమాలు చెప్పాయి. తోపుడు బండ్లవారు తమ చెత్తకు తగిన డబ్బాను దగ్గర ఉంచుకోవాలన్నాయి. వర్తక సంఘాలకు కూడా బాధ్యతను అప్పగించాయి. అదే సంవత్సరం వచ్చిన కట్టడ వ్యర్థాల నియమాలు శిథిలాలు రాకపోకలకూ మురుగు కాలువలకూ అడ్డు కాకూడదని చెప్పాయి. చెత్తకు సొంతదారు ఉన్నాడు అన్నదే వీటన్నిటి సారాంశం. చేతిలో నుంచి జారవిడిచినంత మాత్రాన అది ఇతరులది కాదు.

చెత్తను ఎత్తడం కంటే పుట్టకుండా చూడటం మేలు. తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు పదునాలుగింటిని నిషేధించింది. 2021 డిసెంబరులో 'మీండుం మంజప్పై' అనే ఉద్యమాన్ని ప్రారంభించింది. మళ్లీ పసుపు సంచి అని ఆ మాటకు అర్థం. ఒకప్పుడు పెండ్లిండ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే పసుపు గుడ్డ సంచి ఈ ప్రాంతపు ఇళ్లన్నిటిలోనూ ఉండేది. పెద్దలు దానిని చంకన పెట్టుకొని బజారుకు వెళ్లేవారు. ప్లాస్టిక్ సంచి వచ్చాక అది మూలపడింది. ఇప్పుడు దానిని తిరిగి చేతికి తీసుకొమ్మని ప్రభుత్వం కోరుతున్నది. ఇది కష్టమైన పని కాదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు గుర్తుంచుకొంటే చాలు.

కుండీలో పడిన చెత్త ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. చెన్నైలో రోజుకు 5,000 టన్నులకు పైగా చెత్త పోగవుతుంది. దక్షిణ భాగపు చెత్తను ఎన్నో ఏళ్లుగా పెరుంగుడికి, ఉత్తర భాగపు చెత్తను కొడుంగైయూరుకు తరలించారు. పెరుంగుడి కుప్ప పళ్లికరణై చిత్తడి నేలలో పెరిగింది. దూరదేశాల పక్షులు వచ్చి వాలే ఆ నేలకు 2022లో అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు లభించింది. అక్కడి పాత కుప్పలను తవ్వి, జల్లించి, నేలను తిరిగి రాబట్టే పని కొన్నేళ్ల క్రితం మొదలైంది. తడి చెత్తను వేరుగా ఇస్తే ఎరువవుతుంది. పొడి చెత్తలోని అట్ట, గాజు, లోహం మళ్లీ సరుకవుతాయి. రెండూ కలిస్తే ఎందుకూ పనికిరాని కుప్ప అవుతుంది.

ఈ పని చేసే మనుషులను మరచిపోకూడదు. చెన్నై నగర పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాట్లాడే కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. తరతరాల క్రితం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి ఈ నగరాన్ని శుభ్రంగా ఉంచినవారు వారు. మనం నిద్రలో ఉండగా బజారు వీధులను ఊడ్చేవారు వారిలోనూ ఉన్నారు. పగిలిన సీసాను ఆహారపు చెత్తలో కలిపి వేస్తే అది కోసేది వారి చేతినే. విరిగిన గాజును కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వడం వారికి మనం చూపగల కనీస మర్యాద. చేతి తొడుగులు, పాదరక్షలు, సకాలంలో జీతం వారి హక్కులు. వీధిని శుభ్రం చేయడం వారి ఉద్యోగం కావచ్చు. వీధిని పాడుచేయడం మాత్రం ఎవరి హక్కూ కాదు.

టి. నగర్‌కు చెప్పిన మాటలు చాలావరకు బెంగుళూరు చిక్కపేటకూ, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం బజార్లకూ వర్తిస్తాయి. మీ ఊరి అంగడి వీధిని ఒకనాటి సాయంకాలం జాగ్రత్తగా పరిశీలించండి. కుండీలు ఎక్కడెక్కడ ఉన్నాయి? అవి ఏ వేళకు నిండుతున్నాయి? కుప్పలు ఏ మలుపున పెరుగుతున్నాయి? ఆ కుప్పలో ఎవరి చెత్త ఎక్కువగా ఉంది? వాననీరు ఏ కాలువలో దిగి, ఏ చెరువుకు గాని నదికి గాని చేరుతుంది? చూసినదానిని పటంగా గీసి, మీ ఉపాధ్యాయుల సహాయంతో వర్తక సంఘంవారికీ నగరపాలక సంస్థకూ చూపండి. ఫిర్యాదు ఒక్కటే తీసుకొని వెళ్లేవారి కంటే, ఏ కుండీ ఎక్కడ కావాలో చెప్పగలిగినవారి మాటకు విలువ ఎక్కువ.

వీధి ఎవరిదీ కాదు అనుకొంటే అది చెత్తకుప్ప అవుతుంది. వీధి అందరిదీ అనుకొంటే దానిని కాపాడే చేతులు పెరుగుతాయి. ఈ తేడా తెలిసిన ఊరిలో వాననీరు తన దారిన తాను పోతుంది.