సాల్మన్ దారికి ధర ఎంత?

మన పులస గోదావరికి ఎదురీదినట్టే, సాల్మన్ చేప గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి తాను పుట్టిన నదికి తిరిగొస్తుంది. అమెరికాలోని క్లామత్ నదిలో ఆ దారి వందేళ్లకు పైగా మూసుకుపోయింది. అడ్డుగా ఉన్న నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలను 2024 నాటికి తొలగించారు. ఇందుకు కేటాయించిన సొమ్ము సుమారు 45 కోట్ల డాలర్లు.

చేపల కోసం ఇంత డబ్బా అనిపించవచ్చు. కానీ ఆనకట్టలను ఉంచడానికీ ఖర్చుంది. లైసెన్సు కొనసాగాలంటే చేపలు పైకెక్కే మెట్లు కట్టాలి. కూల్చడం కన్నా అదే విద్యుత్ కంపెనీకి ఎక్కువ భారమని తేలింది. పైగా అవి ఇచ్చే కరెంటు కంపెనీ మొత్తం ఉత్పత్తిలో 2 శాతం లోపే. వాటి నుంచి సాగునీరూ లేదు. నష్టపోయినవారూ ఉన్నారు: జలాశయం ఒడ్డున ఇళ్లు కొనుక్కున్నవారికి ఇప్పుడు ఎదురుగా సరస్సు లేదు.

లాభం లెక్కే కష్టం. మత్స్యకారుల ఆదాయాన్ని కొలవవచ్చు. సాల్మన్ తగ్గిపోవడంతో 2023, 2024లో కాలిఫోర్నియా తీరంలో వాణిజ్య వేటనే నిషేధించారు. యురోక్, కరుక్ ఆదివాసుల తిండికీ, ఆచారాలకూ మాత్రం మార్కెట్ ధర లేదు. అందుకే ఆర్థికవేత్తలు “నదిలో చేప బతకడానికి మీరు ఏటా ఎంత ఇస్తారు?” అని జనాన్ని అడుగుతారు. ఆ జవాబులు రశీదులు కావు, నిజమే. అలాగని ఆ గడిలో సున్నా వేస్తే అది ఇంకా పెద్ద తప్పు.

2024 అక్టోబరులోనే చినూక్ సాల్మన్లు పాత ఆనకట్టల ఎగువకు, ఒరెగాన్ దాకా చేరాయి.

ఇదే లెక్క స్నేక్ నదికి పనికిరాదు. అక్కడి నాలుగు ఆనకట్టలు చాలా ఎక్కువ విద్యుత్తు ఇస్తాయి, గోధుమల పడవలకు దారినిస్తాయి. ఆ సేవలకు ప్రత్యామ్నాయం చూపాలంటే 1,030 నుంచి 2,720 కోట్ల డాలర్లు కావాలని 2022 నాటి నివేదిక అంచనా వేసింది.