ఇంజిన్ ఊపిరిలో నూనె

రండిరా పిల్లలూ, తిన్నె మీద కాస్త సర్దుకుని కూర్చోండి. ఎం.సి. రోడ్డు బట్టల కొట్ల సందడి ఎలాగూ రాత్రిదాకా తగ్గదు. మీ బాబాయి తన వెన్యూ టర్బో కారుకి ఆయిల్ క్యాచ్ క్యాన్ బిగించుకొచ్చాడు. బానెట్ ఎత్తితే పిడికెడు డబ్బా, రెండు హోస్ పైపులు, అంతే. అదెందుకని మీరు అడిగారు చూడండి, నాకు ప్రాణం లేచొచ్చింది.

సిలిండర్లో పెట్రోలు భగ్గుమన్నప్పుడు ఆ వాయువు పిస్టన్‌ని కిందికి తోస్తుంది. అది పక్కల నుంచి జారిపోకుండా పిస్టన్ చుట్టూ రింగులుంటాయి. కానీ వేడికి సాగడానికి రింగులో చిన్న సందు వదలక తప్పదు. ఆ సందులోంచి కాస్త వాయువు కింద నూనె ఉండే క్రాంక్‌కేస్‌లోకి దూరుతుంది. అక్కడ క్రాంకు గిరగిరా తిరుగుతూ నూనెని తుంపర తుంపర చేస్తూంటుంది. రెండూ కలిసి పొగలా పైకి లేస్తాయి. వాటికి దారి ఇవ్వకపోతే సీళ్లు తోసుకుని నూనె కారుతుంది. అందుకే ఇలాంటి ఇంజిన్లకి బ్రీదర్ పైపు ఉంటుంది.

మనకిది కొత్తేం కాదురా! ఇక్కడ మెట్రో ఎక్కితే తిరువొత్తియూరు ఎంతసేపు? 1955 నాటి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ బుల్లెట్లు తయారుచేసింది అక్కడే. 350 బుల్లెట్‌కి ఒకటే పిస్టన్. అది దిగినప్పుడల్లా 346 సీసీల గాలి అడుగున నలుగుతుంది, బయటికి పోవాల్సిందే. పాత బళ్లలో ఆ బ్రీదర్ గొట్టం వెనక చైను వైపు తెరిచి ఉండేది. కారిన నూనె చైనుకే పూతయ్యేది, ఎంత తెలివో చూడండి! తర్వాతి బళ్లకి కంపెనీవాళ్లే నూనె పట్టే చిన్న డబ్బా పెట్టారు. మీ బాబాయి కొన్నది దాని తమ్ముడే అనుకోండి.

ఒకప్పుడు కార్లు ఈ క్రాంక్‌కేస్ పొగని రోడ్డు మీదికే వదిలేసేవి. ఊళ్లు పొగచూరుతున్నాయని 1961 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి పిసివి వాల్వ్ పెట్టి, పొగని మళ్లీ ఇంజినే పీల్చి కాల్చేలా చేశారు. మంచి పనే. కాకపోతే పొగతోపాటు నూనె కూడా లోపలికి పోతుంది. టర్బో ఇంజిన్లో గాలిని ఒత్తి మరీ నింపుతారు కాబట్టి రింగుల దగ్గర జారేది ఇంకా ఎక్కువ. టర్బో ఊదేటప్పుడు పిసివి వాల్వ్ మూసుకుని, పొగ ఇంకో గొట్టంలోంచి టర్బో ముందుకి చేరుతుంది. అక్కణ్నుంచి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాకా గొట్టాలన్నీ జిడ్డే. పైగా వెన్యూ టర్బోలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వులని కడిగే పెట్రోలు లేక, ఆ జిడ్డు వాటి మీదే మాడి నల్లగా గట్టిపడుతుంది.

ఇప్పుడు డబ్బా సంగతి. అమ్మమ్మ వడలు వేస్తుంటే వంటింటి చిమ్నీ పొగని లాగుతుందా? లోపలి రేకుల దగ్గర పొగ గబుక్కున మలుపు తిరుగుతుంది. గాలి తేలిక, తిరిగిపోతుంది. నూనె చుక్క బరువు, తిరగలేక రేకుని గుద్దుకుని కింది గిన్నెలో పడుతుంది. క్యాచ్ క్యాన్ చేసేదీ అదే.

బాబాయి మొన్న అడుగు మర తిప్పి కొంచెం గ్లాసులో పట్టాడు. పైన నల్లటి నూనె, కింద మురికి నీళ్లు, మధ్యలో నురుగు! నీళ్లెక్కడివంటారా? పెట్రోలులో హైడ్రోజన్ ఉంది, అది మండితే పుట్టేది నీరే. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరై పుడుతుంది. చాలామటుకు సైలెన్సర్లోంచి పోతుంది, పిసరంత రింగులు దాటుతుంది. రాయపురం దాకా వెళ్లి వచ్చేస్తే ఇంజిన్ సరిగ్గా కాగదు, ఆ ఆవిరి లోపలే నీరవుతుంది.

ఈ డబ్బా లేకపోతే కారు నడవదని కాదు. పెట్టుకుంటే మాత్రం నూనెకి ఓర్చే గట్టి పైపులే వాడాలి. పొగని బయటికి వదిలేస్తే మళ్లీ పాత రోజులే, డబ్బా దాటిన గాలి ఇంజిన్‌కే తిరిగి పోవాలి. నిండకముందే వంపెయ్యాలి. వంపినది మురుగు కాలవలో పోయొద్దు, సీసాలో పట్టి పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇచ్చేయాలి. ఎప్పుడూ పడేదానికంటే నూనె ఉన్నట్టుండి ఎక్కువ పడిందా, రింగులు అరిగాయో, పిసివి వాల్వ్ పాడైందో మెకానిక్‌కి చూపించాలి.